లారీ వెనకద్దం కారుతోంది

ముసునూరు,
29 మే 1949

కృష్ణవేణీ,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య తోటలో కోతల దగ్గరుంటే అక్కడికే పట్టుకెళ్ళి చదివి వినిపించాను. ఆయనకి అక్షరాలతో ఎప్పుడూ పొత్తు కుదరలేదు కదా, నీ ఉత్తరాలు ఆయన చెవిదాకా వెళ్ళాలంటే నా నోరే దారి. చెల్లెలికి ఏడో నెల వస్తోందనగానే మనిషి మొహం చాటంత అయింది. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో ఇదే మొదటి పురుడు. వచ్చి తీసుకెళ్ళమని నువ్వు అడగడం న్యాయమే. కాదన్నవాళ్ళెవరు?

ఒక్కటే చిక్కు. బెజవాడ స్టేషన్లో దిగాక నిన్ను ఊరికి ఎలా తేవాలి? బొగ్గు బస్సు ఎక్కిస్తే ఆ పొగకీ కుదుపులకీ నూజివీడు చేరకముందే పురుడొస్తుంది. మన లారీ లేదా అంటావు. ఉంది. ముందు ముగ్గురు కూర్చోవచ్చు, వెనక మామిడి బుట్టలు వేసుకోవచ్చు అని మీ అన్నయ్య మిలిటరీ వేలంలో కొన్న పికప్పు. డ్రైవరు వీపు వెనకాల దానికొక చిన్న అద్దం ఉంటుంది. మొన్న అకాల వర్షానికి ఆ అద్దం చుట్టూ నీళ్ళు కారాయి. చుక్కలు కాదు, ధార. సీటు దిండు నానిపోయి చచ్చిన ఎలుక కంపు కొడుతోంది. డ్రైవరు సవరయ్య ముందు తారు పూశాడు. ఎండకి అది కరిగి మీ అన్నయ్య జుట్టుకి అంటుకుంది. తర్వాత పడవలకి పూసినట్టు గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. అదీ ఊడింది.

నువ్వు కూర్చుంటే నడుము ఆనేది సరిగ్గా అక్కడే. మీ ఆయన మోటారు వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీ కదా, మందేదో అడిగి రాయి. కారడం ఆగిన మర్నాడే లారీ బెజవాడలో ఉంటుంది.

ఈ ఏడు బంగినపల్లి బాగానే కాసింది. సగం కోతులు తిన్నాయి. అవైనా కడుపు నిండా తిన్నాయిలే.

నీ వదిన,
మాణిక్యమ్మ


పెరంబూరు, మద్రాసు
6 జూన్ 1949

వదినా,

నమస్కారాలు. నీ ఉత్తరం ఆయనకి చూపించాను. అద్దానికి తారేంటి, అదేమన్నా కప్పు మీద పెంకా అని ఆయన పడి పడి నవ్వారు. "మీ ఊళ్ళో ఏ రోగానికైనా తారేనా మందు?" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. తప్పుగా అనుకోకు.

ఆ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండకి ఎండి బిగుసుకుపోయి ఉంటుందట. అది పాతదైతే పైన ఏం పూసినా నిలవదట. కొత్త పట్టీ పార్శిల్లో పంపిస్తున్నారు. సవరయ్యకి ఇలా చెప్పు. అద్దం బయటికి తీసి, చట్రం మీద తారంతా గీకేయాలి. కొత్త రబ్బరు అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ పురికొస దూర్చాలి. ఒకరు బయటనుంచి అద్దాన్ని నొక్కుతుంటే ఇంకొకరు లోపల కూర్చుని పురికొస మెల్లగా లాగాలి. లాగుతుంటే రబ్బరు పెదవి రేకు మీదికి దానంతటదే ఎక్కి కూర్చుంటుందట. రబ్బరు అతుకు మాత్రం పైన ఉండాలి. కింద పెడితే నీళ్ళు నిలిచేది అక్కడేనట.

వదినా, తొందరగా చేయించు. ఏడో నెలలో కదలకపోతే ఎనిమిదిలో ప్రయాణం పనికిరాదంటారు. ఆ తర్వాత ముసురు. ఆయన తీసుకొచ్చి దింపమంటే దింపరు. పుట్టింటివాళ్ళు వచ్చి పిలవందే పెళ్ళాన్ని గుమ్మంలో వదిలి రావడం ఆయనకి నామర్దా. ఇక్కడ పక్కింటి అరవావిడ మంచిదే, కానీ ఏం చెప్పినా నాకు సగమే అర్థమవుతుంది. నాకు మన మంత్రసాని మగ్దలేనమ్మ కావాలి. సవరయ్య పెళ్ళాం చేతిలో పుట్టని పిల్ల మన ఊళ్ళో ఎవరున్నారు?

అన్నయ్యని అడిగానని చెప్పు.

కృష్ణవేణి


ముసునూరు,
17 జూన్ 1949

కృష్ణవేణీ,

పార్శిలు చేరింది. మీ ఆయన చెప్పినట్టే అంతా చేశారు. సవరయ్య బయటనుంచి నొక్కాడు, మీ అన్నయ్య లోపల కూర్చుని పురికొస లాగాడు. రబ్బరు ఎక్కుతుంటే చిన్నపిల్లాడిలా కేకలు వేశాడు. అతుకు పైనే ఉంది, నేను చూశాను. అద్దం నల్లటి అంచుతో కాటుక పెట్టుకున్న కన్నులా ముచ్చటగా ఉంది.

మొన్న చిన్నరసాలు వేసుకుని బెజవాడ బయలుదేరారు. దారిలో వాన పట్టుకుంది. కారింది. ఈసారి కింద మూలనుంచి. మీ అన్నయ్య పంచె నడుము దాకా తడిసిందట. తిరిగొచ్చేటప్పుడు వాన లేదు కాబట్టి ఆరిన బట్టలతో ఇల్లు చేరాడు.

అన్నట్టు, తారు గురించి మీ ఆయన అన్న మాట కూడా మీ అన్నయ్యకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. నీకు నవ్వొచ్చిందన్న ముక్క కూడా. ఆయన మాత్రం నవ్వలేదు. లేచి దూడని విప్పడానికి వెళ్ళాడు. ఉన్నది ఉన్నట్టు చదవకపోతే మోసం కదా.

ఇంకేం చేయమంటారో రాయించు. ఇలాంటి లారీలో నిన్ను కూర్చోబెట్టి తెస్తే, జ్వరమొస్తే, ఊరు నన్ను బతకనిస్తుందా?

మాణిక్యమ్మ


పెరంబూరు,
24 జూన్ 1949

వదినా,

ఆయన అన్నది వేళాకోళానికి. అది పనిగట్టుకుని అన్నయ్య చెవిన వేయాలా? నీకు ఉత్తరం రాయాలంటే ప్లీడరు దగ్గర కూర్చుని రాయాల్సి వచ్చేలా ఉంది.

సరే, ఇది విను. నీళ్ళు కనబడ్డ చోటే లోపలికి వస్తున్నాయని అనుకోకూడదట. ఎక్కడో దూరి, రేకు వెంట పాకి, ఇంకెక్కడో కారతాయట. లారీని ఇంటి ముందు ఆపి, లోపల ఒకరు సుద్దముక్కతో కూర్చోవాలి. బయటనుంచి చెంబుతో ముందు అద్దం కింద అంచున, తర్వాత పక్కల, ఆఖరున పైన, మెల్లగా పోసుకుంటూ రావాలి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే ఎక్కడిదో తెలియదు. చెమ్మ కనబడ్డ చోట లోపలివాళ్ళు గుర్తు పెట్టాలి.

ఇది ఈ వారంలోనే అవ్వాలి వదినా. నెల దాటిపోతోంది. వీధి కొళాయిలో నీళ్ళు పట్టుకుని మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. రాత్రిళ్ళు అమ్మ గుర్తొచ్చి ఏడుస్తుంటే ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటారు. లారీ తడిగా ఉంటే సీటు మీద గొంగళి వేసుకుని కూర్చుంటాను. నేనేమన్నా ఉప్పు బస్తానా కరగడానికి?

కృష్ణవేణి


ముసునూరు,
4 జూలై 1949

కృష్ణవేణీ,

బుట్టలన్నీ దింపి, లారీ ఊడ్చి, చెంబులతో పోసి చూశాం. చుట్టుపక్కలవాళ్ళంతా తమాషా చూడడానికి వచ్చారు. మీ అన్నయ్య లోపల సుద్దముక్క పట్టుకుని పరీక్షకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. సవరయ్య కింద పోశాడు, పక్కల పోశాడు, పైన పోశాడు. ఒక్క చుక్క లేదు. మీ అన్నయ్య పొడి చేతులు బయటికి పెట్టి అందరికీ చూపించాడు.

ఆ మర్నాడు ఆఖరి కోత పెద్దరసాలు వేసుకుని వెళ్ళారు. వాన. మళ్ళీ ఏరు పారింది. "మద్రాసు రబ్బరుకి కూడా మనం పల్లెటూరోళ్ళమని తెలిసిపోయిందే" అన్నాడు మీ అన్నయ్య. నేను కల్పించిన మాట కాదు, ఆయన నోటిమాటే.

ఏడో నెల అయిపోయింది. ఎనిమిదిలో నిన్ను కదిలించను. జరగరానిది జరిగితే నింద నాది. తొమ్మిదిలో చూద్దాం.

మాణిక్యమ్మ


పెరంబూరు,
12 జూలై 1949

వదినా,

ఇది అన్నయ్యకి తప్పకుండా చదివి వినిపించు. బిడ్డ అడ్డంగా ఉందట. ఇక్కడి ఆస్పత్రిలో దొరసాని చేయి పెట్టి చూసి చెప్పింది. తిరిగితే తిరుగుతుంది, లేకపోతే కష్టమని మొహం అటు పెట్టుకుని చెప్పింది. నేనూ అమ్మ కడుపులో అలాగే అడ్డం పడుకుంటే మగ్దలేనమ్మే నూనె రాసి తిప్పిందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో నీకూ తెలుసు. ఆ చేతుల దగ్గరికి నన్ను చేర్చండి. ఎనిమిదో నెల అయినా సరే. బస్సయినా సరే. అన్నయ్య వచ్చి పిలిస్తే చాలు, ఈయన పంపిస్తారు.

లారీకే ముడిపెడతానంటావా, అదీ రాస్తున్నాను. ఖాళీ లారీ మీద నీళ్ళు పోస్తే కారనిది, బుట్టలు వేస్తేనే కారుతోందంటే తప్పు అద్దంలోనూ రబ్బరులోనూ లేదంటున్నారు ఈయన. "బుట్టలకీ అద్దానికీ మధ్య ఏం పెడుతున్నారు?" అని అడగమన్నారు. అది చూస్తే తెలిసిపోతుందట.

వదినా, ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియదు.

కృష్ణవేణి


ముసునూరు,
21 జూలై 1949

కృష్ణవేణీ,

మధ్యలో ఏముంటుంది, వరిగడ్డి. మామిడికాయ ఉన్న చోట గడ్డి ఉండదా? బుట్టల్లో పరిచేది అదే, పైన కప్పేది అదే. బుట్ట అంచు తగిలి అద్దం పగులుతుందని ఆ సందులో గడ్డి కుక్కమన్నది నేనే. మేం గాలి పీలుస్తున్నామని ఎవరికైనా రాస్తామా? అలాగే ఇదీ రాయలేదు.

నీ ఉత్తరం చదివి లారీ దగ్గరికి వెళ్ళి చేయి పెట్టి చూశాను. అద్దం కింద తట్టెడు కుళ్ళిన గడ్డి. నీళ్ళు జారిపోయే సందులు ఊకతో పూడుకుపోయాయి. వాన పడితే నీళ్ళు అక్కడ వరిమడిలో నిలబడ్డట్టు నిలబడి, రబ్బరు అంచు దాటి లోపలికి దిగుతున్నాయి. గడ్డి పీకేసి నాలుగు చెక్కలు అడ్డం కొడితే అయిపోయే పని.

ఎవరికీ చెప్పలేదు. చేయి కడుక్కుని లోపలికి వచ్చాను. మీ అన్నయ్యకి నువ్వు కులాసాగా ఉన్నావని చదివాను.

ఎందుకంటావా? నీ పెళ్ళినాడు నలుగు పెట్టడానికి గిన్నె పట్టుకుని నేనూ వచ్చాను. అప్పటికి నా రెండో బిడ్డ పోయి మూడు నెలలు. ఊళ్ళో ముత్తయిదువలంతా కూర్చున్నారు. నా చేయి నీ భుజం దాకా వచ్చింది. నువ్వు భుజం వెనక్కి లాక్కుని "వదిన చెయ్యి వద్దమ్మా" అన్నావు. గొంతు తగ్గించి కూడా అనలేదు. మీ అమ్మ నా చేతిలో గిన్నె తీసుకుంది. ఆ పూటంతా నన్ను బియ్యం గదిలో కూర్చోబెట్టారు. నీ పెళ్ళి మేళం నేను గోడ అవతలనుంచి విన్నాను.

ఇప్పుడు నీకు పురుడు పోయాల్సింది ఆ చేతులే. నీళ్ళు కాచేది, పథ్యం వండేది, బిడ్డని కాళ్ళ మీద వేసుకునేది ఎవరనుకున్నావు? మగ్దలేనమ్మ తిప్పి వెళ్ళిపోతుంది. తర్వాత?

మాణిక్యమ్మ


పెరంబూరు,
28 జూలై 1949

వదినా,

నీ పిల్లలు పోయింది నా వల్లా? నేనేమన్నా చేతబడి చేశానా? పద్దెనిమిదేళ్ళ పిల్ల పెళ్ళి పీట మీద భయపడి అన్న ఒక్క మాటని రెండేళ్ళు మడిచి పెట్టుకున్నావు. ఒకటి చెప్పనా, ఆ మాట ఈ రోజు అడిగినా అంటాను. నా బిడ్డ అడ్డం తిరిగిందని చదివి చేయి కడుక్కుని వెళ్ళిన దానివి. అలాంటి చేతిలో ఏం నిలుస్తుంది?

ఈ కాగితం చించేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. టపా వేళ అయిపోతోంది. ఉన్నదే పంపుతున్నాను. వారం పది రోజుల్లో అన్నయ్య కబురు రాకపోతే టెలిగ్రాం ఇస్తాను. ఊళ్ళో ఎవరి చేతైనా చదివించుకుంటాడు. ఇంటి గుట్టు నలుగురి నోటా పడితే పడనీ.

కోపంలో రాశాను వదినా. లారీ పంపించు. కావాలంటే వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంత పొట్టతో వంగగలిగితే.

కృష్ణవేణి


ముసునూరు,
2 ఆగస్టు 1949

కృష్ణవేణీ,

టెలిగ్రాం అక్కర్లేదు. నేనే చెప్పాను. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. నావి కూడా, నేనేం రాశానో గుర్తున్నంతవరకు చెప్పాను. గడ్డి సంగతి వచ్చేసరికి మీ అన్నయ్య లేచి నన్ను కొట్టాడు. పెళ్ళయ్యాక ఇదే మొదలు. సవరయ్య గుమ్మంలోనే ఉన్నాడు. తల దించుకుని వెళ్ళి గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

సందులు పుల్లతో పొడిచి శుభ్రం చేశారు. అద్దానికి జానెడు దూరంలో చెక్క బద్దలు బిగించారు. ఇక బుట్టలు అద్దం జోలికి రావు. మీ అన్నయ్య లోడు వేసి, మీద నీళ్ళు పోయించి, లోపల కూర్చున్నాడు. దిండు పొడిగా ఉంది.

నీకు తొమ్మిది పడగానే, ఎనిమిదో తారీఖున ఆయన మద్రాసు బండెక్కుతాడు. మీ ఆయన నామర్దా తీరేలా గుమ్మంలో నిలబడి పిలుస్తాడు. తిరిగి వచ్చేటప్పటికి సవరయ్య బెజవాడలో లారీతో ఉంటాడు. మగ్దలేనమ్మ నూనె కాచుకుని కూర్చుంది.

నేను ఇంట్లో ఉండను. జి. కొండూరులో మా అన్న దగ్గరికి పోతున్నాను. నా చెయ్యి నీ మీద పడుతుందని భయపడకు. నీ వంటా నీ నీళ్ళూ మంచి చేతులవాళ్ళని చూసి పెట్టుకో.

మాణిక్యమ్మ


పెరంబూరు,
15 ఆగస్టు 1949

వదినా,

ఏడో తారీఖున నొప్పులు వచ్చాయి. అన్నయ్య వచ్చేసరికి నేను ఆస్పత్రిలో ఉన్నాను. మగపిల్లాడు. చేయి ముందు వచ్చిందట. నన్ను మాత్రమే బతికించగలిగారు. వాడి మొహం చూపించమంటే చూపించారు. అన్నయ్య ముక్కు.

అన్నయ్య వాణ్ణి చేతుల్లో పెట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు. ఆయనా అన్నయ్యా కలిసి తీసుకెళ్ళారు. అన్నయ్య ఇంకా ఇక్కడే ఉన్నాడు, వరండాలో కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు.

ఏడో నెలలో వచ్చి ఉంటే నా కొడుకు ఉండేవాడు. పిడికెడు గడ్డి వదినా. నువ్వు పీకి అవతల పారేస్తే అయిపోయేది.

పాలు వస్తున్నాయి. రవికలన్నీ తడిసిపోతున్నాయి. రాళ్ళు కట్టినట్టు బరువు, సలుపు, జ్వరం. మగవాళ్ళకి చెప్పలేను. అరవావిడ ఏదో చెబుతుంది, అర్థం కాదు.

సంతోషంగా ఉందా? రాయి.

కృష్ణవేణి


ముసునూరు,
20 ఆగస్టు 1949

కృష్ణవేణీ,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. చదవగానే సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు? ఇప్పుడు తెలిసిందా అనుకున్నాను, పైకే అన్నాను. మీరు వచ్చే రోజుకి వెళదామని ఆగి జి. కొండూరు పోనేలేదు, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. తర్వాత పాల సంగతి రాసిన చోటికి వచ్చాను. ఇంక కాగితం కనబడలేదు.

ముందు అది చూసుకో. మల్లెపూలు తెప్పించు, రెండు దోసిళ్ళు. మాలలు వద్దు, విడిపూలు. రొమ్ముల మీద పరిచి మెత్తటి పాత గుడ్డతో గట్టిగా కట్టు. వాడగానే తీసి కొత్తవి పెట్టు. మూడు నాలుగు రోజుల్లో పాలు ఇంకిపోతాయి. పిండకు. పిండితే ఇంకా వస్తాయి. వేడినీళ్ళు తగలనివ్వకు. ఎక్కడైనా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే చెవులు మూసుకో, వింటే దిగుతాయి. మొదటిసారి నాకిది ఎవరూ చెప్పలేదు. మీ అమ్మకి తెలుసు, చెప్పలేదు. గోడకి ఆనుకుని నేను ఏడుస్తుంటే ఓర్చుకోవాలి అంది. రెండోసారి మగ్దలేనమ్మ చెప్పింది.

చిన్నదానివి, మళ్ళీ పుడతారని చెప్పడానికి వస్తారు. తలుపు వేసుకో.

నేను చేసింది నేనే చేశాను. ఎనిమిదో నెల మీదికీ వాన మీదికీ నెట్టను. మీ అన్నయ్య రానిస్తాడో లేదో తెలియదు, అయినా నేను మద్రాసు వస్తాను. నీకు ఒళ్ళు కుదుటపడేదాకా ఉండి వంట చేసి పెడతాను. నాతో మాట్లాడనక్కర్లేదు. ఈ ఇంట్లో నీ నొప్పి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను, నువ్వు తిట్టుకున్నా అంతే. ఒక కార్డు ముక్క రాయి, బయలుదేరతాను.

వదిన


పెరంబూరు,
27 ఆగస్టు 1949

వదినా,

నువ్వు చెప్పినట్టే మల్లెపూలు కట్టుకున్నాను. మూడోరోజుకి సలుపు తగ్గింది. పాలు ఇంకిపోయాయి. జ్వరం లేదు.

అన్నయ్య నిన్న బయలుదేరాడు.

నువ్వు మాత్రం రావద్దు.

కృష్ణవేణి